పరదేశార్జనము – స్వగ్రామమున దాని సంరక్షణము



కోత లైన పిమ్మట రచ్చబండవద్ద జరుగు సంభాషణలను గమనించినచో, అవి రెండు విషయములచుట్టు తిరుగుచుండుట కాననగును. మొదటిది వర్షము, రెండవది దుబాయి, కువైటు, మస్కటు మున్నగు చోట్లనుండి రావలసిన సొమ్ము. జగిత్యాల, కరీంనగరము, సిరిసిల్ల, నిజామాబాదు, నిర్మలు ప్రాంతములనుండియు, కోనసీమ, పశ్చిమగోదావరి, కడప, రాయచోటి ప్రాంతములనుండియు వేలకొలది కర్షక కుటుంబములవారు అరబ్బు దేశములలో పనిచేయుచున్నారు. రిజర్వు బ్యాంకువారు 2023-24 సంవత్సరమునకు జరిపిన పరిశీలనలో, మన దేశమునకు వచ్చిన పరదేశపు సొమ్ములో నూటికి 8.1 వంతులు తెలంగాణమునకును, 4.4 వంతులు ఆంధ్రప్రదేశమునకును చేరినట్లు తేలినది. కావున ఇది కొలదిమంది ఇంటి విషయము కాదు. మన వ్యవసాయమునకు పెట్టుబడియు, మన అప్పులకు విమోచనమును కొంతవర కీ సొమ్మునందే యున్నవి.

అయినను సంపాదించుట యొక విద్య, నిలుపుకొనుట వేరొక విద్య. పది సంవత్సరములు ఎండలో కష్టపడి తిరిగివచ్చినవాని చేతిలో మిగిలిన దేమి యని విచారించినచో, పెక్కు ఇండ్లలో తృప్తికరమైన ప్రత్యుత్తరము రాదు. ఇందుకు కారణము సంపాదన తక్కువ యగుటకంటె, పంపినవానికిని అందుకొన్నవారికిని నడుమ లెక్కయు, క్రమమును లేకపోవుటయే. ఈ పాఠమున ఆ క్రమమును సాధ్యమైనంత సులభముగా వివరింతుము.

1. పూర్వానుభవము

మనవారు సముద్రము దాటుట క్రొత్త కాదు. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో పొగయోడ లెక్కి రంగూనుకు పోయి, రేవుకూలీలుగను, బియ్యపు మిల్లులలో పనివారుగను జీవించినవారి సంతతి నేటికిని సర్కారు జిల్లాలలో నున్నది. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకను అస్సాము చేరిరి. దారిలో మరణించినవారు పెక్కురు. అక్కడ కూడబెట్టిన దంతయు అక్కడనే నిలిచిపోయెను. మరల 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసి, 50, 100 చాట్ల నోట్లను రద్దుచేసినప్పుడు, అచ్చట మిగిలియున్న మనవారు రెండవమారు నష్టపడిరి.

1990 ఆగష్టు 2వ తేదిన ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించినప్పుడును ఇట్లే జరిగినది. సుమారు 1,70,000 మంది భారతీయులను, అత్యధికులను అమ్మాను నగరమునుండి, విమానములలో స్వదేశమునకు తీసికొనివచ్చిరి. అక్కడి బ్యాంకులలో సొమ్ముంచినవారు ఆనాడు కట్టుబట్టలతో దిగిరి. తరువాత 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘము నేర్పరచెను గాని, ఆ పరిహారము చేతికి వచ్చుటకు సంవత్సరములు పట్టెను. అప్పటికే నెలనెల ఇంటికి పంపి, స్వదేశపు బ్యాంకులో నిలువచేసినవారు మాత్రము కొంత ధైర్యముతో నుండిరి.

ఈ రెండు అనుభవములవలన మొదటి నీతి తేటపడుచున్నది: పనిచేయుచోట రెండుమూడు నెలల ఖర్చునకును, తిరుగు ప్రయాణమునకును చాలినంత యుంచుకొని, మిగిలినది స్వదేశమునకు క్రమముగా చేర్చవలెను.

2. బయలుదేరుటకు ముందు చేయవలసినవి

ఏజెంటునకు చెల్లించు సొమ్ము: 1983 నాటి ఎమిగ్రేషను చట్టము క్రింద లైసెన్సు పొందిన ఏజెంటు తన సేవకై పుచ్చుకొనదగినది 30,000 రూపాయలును, దానిపై పన్నును మాత్రమే. అంతకుమించి అడిగినవాడు చట్టవిరుద్ధముగా అడుగుచున్నాడు. పుచ్చుకొన్న ప్రతి రూపాయికిని రశీదు కోరవలెను. లైసెన్సు లేనివానికి సొమ్ము చెల్లింపనే కూడదు.

భీమా: ఎమిగ్రేషను తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు గలవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన నిర్బంధము. రెండు సంవత్సరములకు 275 రూపాయలు, మూడు సంవత్సరములకు 375 రూపాయలు, పన్ను అదనముగా, ప్రీమియము. ప్రమాదవశమున మరణించినచో కుటుంబమునకు 10 లక్షల రూపాయలు లభించును. ఆ పాలసీ కాగితపు ప్రతిని ఇంటివద్ద విడిచిపోవలెను. పెట్టెలో పెట్టుకొని వెంట తీసికొనిపోయిన పాలసీ ఇంటివారి కేమి యుపయోగము?

బ్యాంకునకు తెలుపుట: ఉద్యోగార్థమై పరదేశమునకు పోవువాడు 1999 నాటి విదేశ మారకద్రవ్య నిర్వహణ చట్టము, అనగా ఫెమా, దృష్టిలో పరదేశ నివాసి యగును. అతని సాధారణ సేవింగ్సు ఖాతాను పూర్వమువలె నడుపగూడదు. బ్యాంకునకు తెలిపి దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. ఈ చిన్నపనిని ఉపేక్షించి పది సంవత్సరములు పాత ఖాతాలోనే సొమ్ము పంపుచున్నవారు పలువురు గలరు. తరువాత చిక్కు వచ్చినప్పుడు విచారించుట చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లుండును.

ఫోను నంబరు: నేడు బ్యాంకు వ్యవహార మంతయు ఫోనునకు వచ్చు రహస్యసంఖ్యపై నడచుచున్నది. బ్యాంకులో నమోదైన సిమ్ము ఎవరిచేతిలో నుండునో ఖాతా తాళపుచెవి వారిచేతిలో నున్నట్లే. దానిని తనవద్దనే యుంచుకొనవలెను; లేదా తన పరదేశపు నంబరును బ్యాంకులో నమోదు చేయించుకొనవలెను. కొన్ని దేశముల నంబర్లతో ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలకు యు.పి.ఐ. సౌకర్యమును 2023నుండి కల్పించిరి. ఆ దేశములలో ఐక్య అరబ్బు ఎమిరేట్లు, సౌదీ అరేబియా, కతారు, ఒమాను చేరియున్నవి.

3. ఖాతాలు మూడు విధములు

పేర్లు క్రొత్తగా నున్నను విషయము కష్టము కాదు. ధాన్యపు గాదె, విత్తనపు గాదె, పప్పుల గాదె వేరువేరుగా నుంచుకొనువారికి దీనిని గ్రహించుట సులభము.

మొదటిది ఎన్.ఆర్.ఇ. ఖాతా. పరదేశమున సంపాదించిన సొమ్ము దీనిలో చేరవలెను. ఇది రూపాయలలో నుండును. దీనిపై వచ్చు వడ్డీకి మన దేశమున ఆదాయపు పన్ను లేదు. అసలు, వడ్డీ రెండును ఎప్పుడైనను పరదేశమునకు తిరిగి తీసికొనిపోవచ్చును. ఇందు గడువు డిపాజిటు కనీసము ఒక సంవత్సరముండవలెను. సంవత్సరము నిండకముందే తీసికొన్నచో వడ్డీ యేమియు రాదు. కావున ఆరునెలలలో కావలసిన సొమ్మును దీనిలో గడువునకు కట్టివేయగూడదు.

రెండవది ఎన్.ఆర్.ఓ. ఖాతా. స్వదేశమున వచ్చు ఆదాయమునకు, అనగా ఇంటి అద్దె, కౌలు, పింఛను మున్నగువానికి, ఇది తగినది. దీనిపై వడ్డీనుండి నూటికి 30 వంతుల పన్నును, దానిపై సెస్సును బ్యాంకువారు ముందుగానే మినహాయింతురు. ఆదాయము స్వల్పమైనచో రిటర్ను దాఖలుచేసి, ఎక్కువగా పోయినదానిని తిరిగి పొందవచ్చును. పన్ను చెల్లించిన పిమ్మట సంవత్సరమునకు పది లక్షల డాలర్లవరకు పరదేశమునకు పంపుకొనవచ్చును గనుక మన రైతుబిడ్డల కీ మితి అడ్డురాదు.

మూడవది ఎఫ్.సి.ఎన్.ఆర్. డిపాజిటు. ఇది డాలరు మున్నగు విదేశ ద్రవ్యమునందే యుండును. గడువు ఒకటినుండి ఐదు సంవత్సరములు. రూపాయి విలువ తగ్గినను దీని విలువ తగ్గదు. దీని వడ్డీకిని పన్ను లేదు. మరల పరదేశముననే ఖర్చుచేయవలసిన సొమ్మునకు ఇది అనుకూలము. స్వగ్రామమున ఇల్లు కట్టుటకు, పిల్లల చదువునకు కూడబెట్టువానికి ఎన్.ఆర్.ఇ. ఖాతాయే చాలును.

ఒక హెచ్చరిక. పరదేశ నివాసి తన పేరున తపాలా కార్యాలయపు పొదుపు పథకములలో క్రొత్తగా చేరరాదు. క్రొత్త పి.పి.ఎఫ్. ఖాతా తెరువరాదు, పూర్వమే యున్నదానిని గడువు తీరువరకు మాత్రము నడుపుకొనవచ్చును. ఇంటివద్దనున్న భార్య తన పేరున ఈ పథకములలో చేరుటకు ఆటంకము లేదు.

4. సొమ్ము పంపు మార్గము

బ్యాంకుద్వారాగాని, లైసెన్సుగల ఎక్స్ఛేంజి దుకాణముద్వారాగాని పంపుటయే సరియైన మార్గము. "అక్కడ దిర్హములు నాకిమ్ము, ఇక్కడ మావాడు మీ యింట రూపాయలిచ్చును" అనెడి హవాలా వ్యాపారి రేటు కొంచెము ఎక్కువగా చూపును. అది చట్టవిరుద్ధము. సొమ్ము చేరకపోయినచో ఏ కచ్చేరీలోను ఫిర్యాదు చేయుటకు ఆధారముండదు. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు: ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చినదో చూపు కాగితము లేదు. రేపు ఇల్లు కొన్నప్పుడుగాని, పెద్ద డిపాజిటు పెట్టినప్పుడుగాని ఆదాయపు పన్ను వారడిగినచో, కష్టార్జితమును సైతము కష్టార్జితమని రుజువుపరచలేని దుస్థితి కలుగును.

రేటును, రుసుమును కలిపి చూడవలెను. ఒక ఉదాహరణము. ఒకనిచేతిలో 1,000 దిర్హములున్నవనుకొందము. మొదటి దుకాణమున రుసుము 5 దిర్హములు, రేటు 23 రూపాయలు. రెండవ దుకాణమున రుసుము లేదు, రేటు 22 రూపాయల 75 పైసలు. "రుసుము లేదు" అను బోర్డు చూచి రెండవదానిలోనికి పోవుట సహజము. లెక్క చూడుడు:

మొదటి దుకాణము: 995 దిర్హములు × 23 = రు. 22,885.
రెండవ దుకాణము: 1,000 దిర్హములు × 22.75 = రు. 22,750.

రుసుము లేని చోటనే 135 రూపాయలు తక్కువ వచ్చినవి. కాబట్టి "నాచేతిలోని యింత సొమ్మునకు ఇంటికి ఎన్ని రూపాయలు చేరును?" అను ప్రశ్న యొక్కటియే అడుగవలెను. రుసుము ప్రతిసారి యుండును గనుక వారమున కొకమారు కొంచెముకొంచెముగా పంపుటకంటె నెలకొకమారు పంపుట మేలు.

రేటు పెరుగునని వేచియుండుటనుగూర్చి ఒక మాట. ఎమిరేట్ల దిర్హము, సౌదీ రియాలు డాలరునకు స్థిరముగా కట్టబడియున్నవి: డాలరునకు 3.6725 దిర్హములు, 3.75 రియాలులు. కావున దిర్హము రేటు పెరిగినదనగా డాలరుతో పోల్చినచో రూపాయి తగ్గినదని యర్థము. అది ఎప్పుడు తగ్గునో, ఎంత తగ్గునో ముందుగా చెప్పగలవారు లేరు. అప్పున్నవాడు రేటుకై మూడునెలలు వేచియున్నచో, రేటులో వచ్చు లాభమును షావుకారు వడ్డీ మ్రింగివేయును.

5. వచ్చిన సొమ్మును విభజించు క్రమము

మొదట అప్పు, పిదప ఇల్లు, పిదప పొదుపు అని కొందరు. మొదట పొదుపు అని కొందరు. మాటలతో తేలదు గాన లెక్కతో చూతము.

వీసాకై ఒక యువకుడు గ్రామమున నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 2,00,000 రూపాయలు తెచ్చెననుకొందము. అనగా సంవత్సరమునకు నూటికి 24 వంతుల వడ్డీ. అతడు నెలకు 23,000 రూపాయలు పంపును. ఇంటి ఖర్చునకు 9,000 పోగా 14,000 మిగులును.

మొదటి పద్ధతి: ఆ 14,000 రూపాయలను నెలనెల అప్పునకే చెల్లించుట. మొదటి నెల వడ్డీ 4,000 పోగా అసలు 10,000 తగ్గును. రెండవ నెల వడ్డీ 3,800 మాత్రమే. అసలు 10,200 తగ్గును. ఇట్లు పదునేడవ నెలతో ఋణము పూర్తిగా తీరును. మొత్తముపై చెల్లించిన వడ్డీ సుమారు 38,000 రూపాయలు.

రెండవ పద్ధతి: నెలకు వడ్డీ 4,000 మాత్రము కట్టుచు, 10,000 రూపాయలను నూటికి 7 వంతుల వడ్డీవచ్చు బ్యాంకు డిపాజిటులో వేయుట. పదునేడు నెలల చివర డిపాజిటు వడ్డీతో సుమారు 1,78,000 రూపాయలగును. వడ్డీక్రింద షావుకారునకు పోయినది 68,000. అసలు 2,00,000 అట్లే యున్నది! డిపాజిటు మొత్తము తీసి యిచ్చినను 22,000 రూపాయల బాకీ మిగులును.

మొదటి పద్ధతివాడు పదునెనిమిదవ నెలనుండి 14,000 రూపాయలు తనకొరకే కూడబెట్టుకొనును. రెండవవాడు పాసుపుస్తకము చూచి సంతోషించుచు, బాకీదారుగానే యుండును. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చుటకంటె మించిన డిపాజిటు లేదు.

అయితే అప్పులన్నియు నొకటి కావు. మన సంఘమున సకాలమునకు చెల్లించు సభ్యునికి 3 లక్షలలోపు పంట ఋణము, ప్రభుత్వపు వడ్డీ రాయితీవలన నూటికి 4 వంతులకు పడుచున్నది. దీనిని తొందరపడి ముందుగా తీర్చనక్కర లేదు. గడువు తప్పకుండ తీర్చిన చాలును. గడువు తప్పినచో రాయితీ పోవును. పరదేశమున నున్న కుమారుడు పంపునని నమ్మి గడువు తేదిని మరచిన తండ్రులు గలరు. కావున ఆ తేదిని ముందుగానే కుమారునకు తెలుపవలెను.

ఋణము తీరిన పిమ్మట వచ్చు సొమ్మును మూడు భాగములు చేయుట మంచిది. ఒక భాగము ఇంటి ఖర్చు. రెండవది ఆపద్ధనము, ఆరునెలల ఇంటి ఖర్చునకు సరిపడునంతవరకు దీనిని కూర్చి, ముట్టక యుంచవలెను. యజమాని హఠాత్తుగా పనినుండి తొలగించినప్పుడుగాని, ఇంట జబ్బు వచ్చినప్పుడుగాని మరల రెండు రూపాయల వడ్డీకి పోకుండ కాపాడునది ఇదియే. మూడవది దీర్ఘకాలపు పొదుపు. ఇంటికి పంపు సొమ్మును పోషణఖర్చునకు భార్య ఖాతాకును, పొదుపును తన ఎన్.ఆర్.ఇ. ఖాతాకును వేరుగా పంపుట మిక్కిలి శ్రేయస్కరము. రెండును ఒకే ఖాతాలో చేరినచో ఏది ఖర్చో ఏది పొదుపో తెలియక, పెండ్లిండ్లకు, పండుగలకు, బంధువుల చేబదుళ్లకు హరించిపోవును.

6. భూమి కొనుగోలునుగూర్చి

రైతుబిడ్డకు సొమ్ము చేతికి వచ్చిన వెంటనే కలుగు కోరిక ఎకరము భూమి. ఈ కోరిక మంచిదే. కాని ఫెమా చట్టము ప్రకారము పరదేశ నివాసి వ్యవసాయభూమినిగాని, తోటభూమినిగాని, ఫారముహౌసునుగాని కొనరాదు. ఇల్లు, ఇంటిస్థలము, దుకాణము కొనవచ్చును. బయలుదేరకముందే తన పేరనున్న పొలమును ఉంచుకొనవచ్చును. తండ్రితాతలనుండి వారసత్వముగా వచ్చినదానిని పొందవచ్చును. క్రొత్తగా కొనుటకు మాత్రమే నిషేధము.

అందువలన తండ్రి పేరుననో, సోదరుని పేరుననో కొనుట ఆచారమైనది. దీని ఫలితమును శాంతముగా ఆలోచింపుడు. ఎనిమిది సంవత్సరములు పెద్దకుమారుడు పంపిన సొమ్ముతో తండ్రి తన పేరున రెండెకరములు కొన్నాడనుకొందము. వీలునామా వ్రాయకుండ ఆయన కాలము చేసెను. హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆ భూమి ఆయన భార్యకును, కుమారులకును, కుమార్తెలకును సమానముగా చెందును. తల్లి, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు ఉన్నచో, ఎండలో పనిచేసి సొమ్ము పంపినవానికి వచ్చునది ఐదింట నొకవంతు. ఇందు తోబుట్టువుల దోష మేమియు లేదు. చట్టము వారికిచ్చిన భాగమునే వారు కోరుచున్నారు. కాని ఆ యింట సఖ్యము నశించును. పరదేశమునుండి తిరిగివచ్చినవాడు తల్లి గడపలోనే పరాయివాడగును. భూమి పోవుటకంటె ఇది పెద్ద నష్టము కాదా?

తన పేరు లేకుండ సోదరుని పేరునగాని, స్నేహితుని పేరునగాని కొని, "వ్రాత యతనిది, భూమి నాది" అనుట 1988 నాటి బేనామీ చట్టమునకు లోబడు ప్రమాదము గలది. భార్య పేరున, పిల్లల పేరున తెలిసిన ఆదాయముతో కొనుట కా చట్టమున మినహాయింపు కలదు. ఎట్లైనను, ఎవరి పేరున రిజిష్టరగునో భూమి వారిదే యని ముందుగా మనస్సున నిశ్చయించుకొని కొనవలెను. తండ్రికి సొమ్మిచ్చినచో అది దానమా, అప్పా యను సంగతిని ఆనాడే కాగితముపై వ్రాసికొనవలెను. తండ్రియు తన వీలునామాను జీవితకాలముననే వ్రాయుట ధర్మము. తనవారితో కాగితమెందు కని సిగ్గుపడవద్దు. కాగితము అపనమ్మకమునకు గుర్తు కాదు. రాబోవు కలహమునకు కట్టిన గట్టు.

మరి రెండు విషయములు. ఎన్.ఆర్.ఇ. డిపాజిటు తాకట్టుపై బ్యాంకు అప్పిచ్చును గాని, ఆ సొమ్మును వ్యవసాయమునకుగాని, భూముల వ్యాపారమునకుగాని, మరల వడ్డీకిచ్చుటకుగాని వినియోగింపరాదు. భూమి పరదేశ నివాసి పేరున నున్నచో పి.ఎం. కిసాను సహాయమునకు అర్హత లేదు. తెలియక పుచ్చుకొన్నదానిని ప్రభుత్వము తిరిగి వసూలుచేయవచ్చును.

7. డిపాజిటు ఎక్కడ ఉంచవలెను?

ఇది మన సంఘపు పత్రిక యైనను, ఇక్కడ నిజమును దాచుట తగదు. బ్యాంకులలోని డిపాజిట్లకు డిపాజిటు ఇన్సూరెన్సు సంస్థ భీమా కలదు. 1962లో ఈ ఏర్పాటు మొదలైనప్పుడు మితి 1,500 రూపాయలు. 1993నుండి ఒక లక్ష. 2020 ఫిబ్రవరి 4వ తేదినుండి 5 లక్షలు. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఎన్ని శాఖలలో ఎన్ని డిపాజిట్లున్నను, అసలు వడ్డీ కలిపి 5 లక్షలవరకే రక్షణ. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులకు, రాష్ట్ర సహకార బ్యాంకులకు, పట్టణ సహకార బ్యాంకులకును ఈ భీమా వర్తించును. కాని గ్రామమునందలి ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములోని డిపాజిట్లకు వర్తించదు. పేరులో "సహకార" అను మాట యున్నంతమాత్రమున భీమా యున్నదని భావింపగూడదు.

ఇట్లనుట సంఘమునుండి సభ్యులను తరుముటకు కాదు. సంఘమునకు రక్షణ సభ్యుల జాగరూకతయే. సర్వసభ్య సమావేశమునకు వచ్చి, ఆడిటు నివేదికను చదివించి, వసూలుకాని బాకీలెన్ని, రిజర్వు నిధి యెంత యని అడుగువారున్న సంఘము చెడదు. పరదేశమునుండి వచ్చిన సొమ్ములో పెద్దభాగమును భీమాగల బ్యాంకులలో 5 లక్షలకు మించకుండ పంచి యుంచి, ఇంటివారి పేరున కొంత భాగమును, లెక్కలు స్వయముగా చూచుకొనుచు, సంఘమున నుంచుట వివేకము. ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలు మాత్రము రిజర్వు బ్యాంకు అనుమతిగల బ్యాంకులందే తెరువవలెను. మన సంఘమున అవి తెరచుటకు వీలులేదు.

నూటికి నెలకు మూడు, నాలుగు రూపాయలు వడ్డీ యిత్తుమని గల్ఫు సొమ్మును వెదకుకొనుచు వచ్చు ఏజెంట్ల విషయమున ఒక్కమాట చాలును. అంత వడ్డీ న్యాయముగా ఇచ్చు వ్యాపార మేది యని అడుగుడు. చీటీలు కట్టువారు 1982 నాటి చట్టము క్రింద రిజిష్టరైన చీటీలనే కట్టవలెను.

8. ఇంటివారికి అధికారము, నామినేషను

పరదేశమున నున్నవాడు ప్రతి పనికి రాలేడు. ఎన్.ఆర్.ఇ. ఖాతాను స్వదేశమందున్న దగ్గర బంధువుతో "మొదటివాడు లేక జీవించియున్నవాడు" అను పద్ధతిని ఉమ్మడిగా తెరువవచ్చును. ఆ బంధువు ముక్త్యారునామాపై స్థానికమైన చెల్లింపులు చేయవచ్చును. అధికారమిచ్చునప్పుడు ఏ పనికి, ఎంత కాలమునకు అని పరిమితి వ్రాయుట మంచిది. "సర్వాధికారములు" అని వ్రాసి యిచ్చిన కాగితము ఇంటికి తాళము తీసి విడిచినట్లుండును. పరదేశమున వ్రాసిన ముక్త్యారునామాను భారత రాయబార కార్యాలయమున ధ్రువపరపించి, మన దేశమునకు చేరిన మూడు నెలలలోపల స్టాంపు వేయించవలెను.

ప్రతి ఖాతాకును నామినీ నుంచవలెను. 2025 నవంబరు 1వ తేదినుండి ఒక ఖాతాకు నలుగురివరకు నామినీలను వ్రాయు వీలు కలిగినది. నామినీ సొమ్మును పుచ్చుకొను అధికారము గలవాడే గాని, దానికి యజమాని కాడు; వారసులకై పుచ్చుకొనును. కావున వీలునామాయు అవసరమే. రెండు సంవత్సరములు వ్యవహారము లేని ఖాతా నిద్రాణమగును. పది సంవత్సరములు ఎవరును అడుగని సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరును. వారసులు తరువాత కోరవచ్చును గాని, ఏ బ్యాంకులో నున్నదో తెలిసినప్పుడు గదా కోరుట! ఖాతాల పట్టికనొకదానిని భార్యకుగాని, తల్లిదండ్రులకుగాని ఇచ్చిపోవుట ప్రథమ కర్తవ్యము.

9. తిరిగి వచ్చిన పిమ్మట

స్వదేశమున స్థిరపడుటకై వచ్చినవాడు వెంటనే బ్యాంకునకు తెలిపి, ఎన్.ఆర్.ఇ., ఎన్.ఆర్.ఓ. ఖాతాలను సాధారణ ఖాతాలుగా మార్పించుకొనవలెను. అటుపై వడ్డీకి పన్ను మినహాయింపు నిలువదు. ఇప్పుడు మాత్రము వ్యవసాయభూమిని తన పేరుననే నిరాటంకముగా కొనవచ్చును. కాబట్టి భూమిపై మక్కువగలవాడు సొమ్మును డిపాజిటులో పెంచుకొనుచు, తిరిగివచ్చిన పిమ్మట తన కండ్లతో నేలను చూచి, మట్టిని చేతబట్టి, నీటివసతిని విచారించి కొనుట ఉత్తమము. వేల మైళ్ల దూరమునుండి ఫోనులో కొన్న పొలమునకంటె ఇట్టి పొలము మేలు.

సోదరులారా! మన పిల్లలు పంపు సొమ్ము వారి యౌవనము. అది తిరిగిరాదు. దానిని పుచ్చుకొనువారు నెలకొకమారు రాకపోకలు వ్రాసి చూపుట పంపినవాని హక్కు, పుచ్చుకొన్నవారి గౌరవము.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమునుండి పరదేశమునకు పోయినవారిలో ఎందరు తమ పాత ఖాతాలను మార్పించుకొనిరి?
2. నూటికి రెండు రూపాయల అప్పుండగా డిపాజిటు వేయుటవలన కలుగు నష్టమును మీ ఇంటి అంకెలతో లెక్కించి చూపుడు.
3. రుసుము తక్కువగానున్న దుకాణమే లాభకరమని ఏల చెప్పరాదు?
4. కుమారుని సొమ్ముతో తండ్రి పేరున కొన్న భూమికి ముందు జాగ్రత్త లేవి?
5. మన సంఘపు డిపాజిట్లకును, జిల్లా సహకార బ్యాంకు డిపాజిట్లకును భద్రతలో గల భేదమేమి? మన సంఘపు ఆడిటు నివేదికను మీరు కడపటిసారి ఎప్పుడు చూచితిరి?
6. మీ ఇంటి ఖాతాలన్నిటికి నామినీ కలరా? ఆ పట్టిక ఎవరివద్ద నున్నది?